నాడి మామ మూడు వేళ్ళు

తుప్పుల్లో సొంత తుప్పు వేరు, పరాయి తుప్పు వేరు. సొంత తుప్పు లోపల పుడుతుంది. రేకును తిని, రంగును పొంగించి, కిటికీ లేని చోట కారుకు కొత్త కిటికీ పెడుతుంది. పరాయి తుప్పుకు అంత ఓపిక లేదు. ఎక్కడో రైలు చక్రానికి బ్రేకు పడుతుంది, ఇనుప రజను గాల్లోకి లేస్తుంది. ఎవరింటికి వెళ్ళాలో తేల్చుకోలేని చుట్టంలా కాసేపు అటూ ఇటూ తిరిగి, ఆరుబయట నిలిపిన ఏ తెల్లకారు మీదో వాలుతుంది. వాలినప్పుడు కంటికి ఆనదు. రెండు వానలు పడ్డాక తడిసి, తుప్పు పట్టి, నారింజరంగు చుక్కగా బయటపడుతుంది. అప్పటికే సగం రంగులోకి దిగబడి ఉంటుంది. తుడిస్తే పోదు, కడిగితే పోదు. గోటితో గీకితే గీత మిగులుతుంది, చుక్క ఉన్నచోటే ఉంటుంది.

ఈ రెండో రకం తుప్పును వదిలించడమే వృత్తిగా ఇరవై ఆరేళ్ళు నెగ్గుకొచ్చిన ఒక పిరికివాడి చరిత్ర ఇది. చరిత్ర అనడం కాస్త ఎక్కువే. రాజులకూ యుద్ధాలకూ కేటాయించిన మాటను రేకుల షెడ్డులో బకెట్ పట్టుకుని నిలబడ్డ మనిషికి కట్టబెట్టడం అన్యాయమని ఎవరైనా అంటే కాదనలేం. కాకపోతే యుద్ధాల్లో రాజులు ఎంత భయపడ్డారో మనకు తెలియదు. ఈయన ఎంత భయపడ్డాడో తెలుసు.

షెడ్డు గూడ్స్ రైళ్ళ యార్డును ఆనుకొని ఉంటుంది. జబ్బు పుట్టేదీ వైద్యం జరిగేదీ ఒకే గోడకు అటూ ఇటూ కావడం వల్ల వ్యాపారానికి ఎన్నడూ కరువు రాలేదు. గోడ అవతల రైలు కీచుమని ఆగినప్పుడల్లా, "అదిగో, మనకి పని దిగుతోంది" అంటాడు చక్రం. చక్రం అంటే పాలిష్ మిషను తిప్పే మనిషి. నలభై ఏళ్ళు, బుర్రమీసాలు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని పొరపాటున అడిగినవాళ్ళు ఆ పూట ఇంకో పని పెట్టుకోకూడదు. షెడ్డు యజమానురాలిని అందరూ అక్క అంటారు. వయసుకు చెల్లెలు, హోదాకు అక్క. భర్త పోయాక షెడ్డు అమ్మేసుకుంటుందని జోస్యం చెప్పిన పెద్దమనుషులంతా ఇప్పుడు ఆవిడ దగ్గరే కార్లు కడిగించుకుంటున్నారు.

ఇక మన కథానాయకుడు. ఆయన్ను అందరూ నాడి మామ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. బండి మీద ఇనుప రజను ఉందో పోయిందో తేల్చడానికి ఆయన కుడిచేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుంటాడు. ఉత్త వేళ్ళు పెట్టి చూస్తే చర్మం రంగుకు అంటుకుని అబద్ధం చెబుతుంది. కవరు జారుతుంది కాబట్టి దాని కింద ఇసుక రేణువు కూడా కొండలా తగులుతుంది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. ఈ మూడింటినీ కలిపి బానెట్ మీద ఆనించి, కళ్ళు మూసి, తల ఓ పక్కకు వంచి, రోగి నాడి పట్టిన వైద్యుడిలా మెల్లగా జరుపుతాడు. అంతా అయ్యాక "ఊఁ" అంటాడు. ఆ ఊఁ పడేదాకా షెడ్డులో మిషను తిరగదు. ఇది అక్క భర్త పెట్టిన నియమం. దానికి కారణం లేకపోలేదు. ఒక్క ఇనుప రవ్వ మిగిలినా మిషను దాన్ని పట్టుకుని బండంతా గిరగిర తిప్పుతుంది. చుక్క ఉన్న బండిని ఎలాగో బాగుచెయ్యొచ్చు. చుక్కతో మిషను తిరిగిన బండి మీద సాలెపురుగులు సంసారం పెట్టినట్టు ఉంటుంది.

మామ పుట్టు పిరికి. పందొమ్మిదో ఏట రంగుల షాపులో పనికి కుదిరిన వారానికే మిషను పట్టి, బానెట్ అంచున ఒక్క లిప్త ఎక్కువసేపు ఆపాడు. రంగు పోయి కింద బూడిదరంగు తేలింది. కారు యజమాని కొట్టలేదు, తిట్టలేదు, అలా చూస్తూ నిలబడ్డాడు. మనిషి తిట్టి ఉంటే రెండు రోజుల్లో మరిచిపోయేవాడు. ఆ చూపు మాత్రం మామతోపాటు పెళ్ళికి వచ్చింది, కాపురానికి వచ్చింది. ఆనాటి నుంచి ఆయన మిషను ముట్టలేదు. ఎండలో బండి ఉంటే భయం, తుప్పు కరిగించే మందు ఆరిపోతుందని. నీడలో ఉంటే భయం, చుక్క కనబడదని. రవ్వలు లాగే బంకముద్ద కిందపడితే మళ్ళీ ఎత్తడు, కొత్తది తీస్తాడు. కిందపడకపోయినా పడిందేమోనన్న అనుమానంతో ఒక్కోసారి కొత్తది తీస్తాడు. మరొకరికైతే ఇది జబ్బు. ఈ వృత్తిలో అది అర్హత అయి కూర్చుంది. పిరికివాడు ఊఁ అన్నాడంటే ఇక అందులో తిరుగుండదని షెడ్డు నమ్మకం.

కార్లవాళ్ళు లబోదిబోమంటూ వస్తారు.

"కొని ఏడాది కాలేదయ్యా, అప్పుడే తుప్పు పట్టేసింది!"

"మీది కాదు సార్. పరాయి తుప్పు. వచ్చి కూర్చుంది."

"లేపు మరి!"

"కోప్పడితే లేవదు సార్. కాళ్ళు పట్టుకుని లేపాలి."

కాళ్ళు పట్టుకోవడం అంటే ఇది. బండి కడిగి, నీడలో పెట్టి, కుళ్ళిన కోడిగుడ్ల వాసన వచ్చే మందు చల్లుతాడు. అయిదు నిమిషాల్లో ప్రతి ఇనుప చుక్కా ఊదారంగులో కరిగి కిందికి కారుతుంది. తెల్లకారు నిలువునా ఏడుస్తున్నట్టుంటుంది. మందు ఆరకముందే నీళ్ళు కొట్టాలి. ఆ తర్వాత సబ్బునీళ్ళు చల్లుతూ, మెత్తగా పిసికిన ముద్దను రంగు మీద జరపాలి. మందుకు లొంగని మొండివాళ్ళను ముద్ద తనకు అతికించుకుని లాక్కొస్తుంది. ముద్దను మడిచి, పిసికి, కొత్త ముఖం పైకి తెచ్చి మళ్ళీ జరపాలి. ఇరవై ఆరేళ్ళు. ఆ చెయ్యి ఎన్ని వేలసార్లు పిసికిందో లెక్కపెట్టినవాడు లేడు. లెక్కపెట్టింది ఒక్క మణికట్టే. అది కూడా చాలాకాలం నోరు మెదపలేదు.

ఒక సోమవారం పొద్దున ఆ విషయం బయటపడింది.

ఇంకా మందు కూడా పడని తెల్లకారు. ఒళ్ళంతా చుక్కలు, చిన్నపిల్లకు ఆటలమ్మ పోసినట్టు. మామ అలవాటు ప్రకారం కవరు తొడిగి మూడు వేళ్ళూ ఆనించాడు. వెన్న! కళ్ళు తెరిచి చూశాడు. వేలి కిందే చుక్క ఉంది. మళ్ళీ కళ్ళు మూసుకుని జరిపాడు. వెన్నే. కవరు దళసరిదేమోనని మార్చాడు. మూడు కవర్లు మార్చాడు. చివరికి కవరు తీసేసి చూపుడువేలిని ఎడమచేత్తో గిల్లాడు. గిల్లిన చేతికి గిల్లినట్టు తెలిసింది, గిల్లించుకున్న వేలికి తెలియలేదు.

మామ గుండె ఆ క్షణాన ఎక్కడికి జారిందో చెప్పలేం కానీ ఛాతీలో మాత్రం లేదు.

కొన్ని నెలలుగా నిద్ర లేచేసరికి చెయ్యి తిమ్మిరెక్కి ఉంటోంది. విదిలిస్తే పోతోంది. చన్నీళ్ళ మూలంగా అనుకున్నాడు, చేతి మీద పడుకోవడం మూలంగా అనుకున్నాడు, వయసు మూలంగా అనుకున్నాడు. అసలు సంగతి తప్ప అన్నీ అనుకున్నాడు. ఎడమచేతిని అరువు తెచ్చుకుందామంటే, దానికి ఇన్నేళ్ళుగా బకెట్ మోయడం తప్ప మరో విద్య చెప్పించలేదు. అద్దం మీద పెట్టినా గరుకే అంటుంది. పైగా మామ ఎడమచేత్తో నాడి చూస్తే మధ్యాహ్నానికల్లా షెడ్డంతా గుప్పుమంటుంది. వేళ్ళు లేని నాడి మామ ఎవరికి కావాలి? బకెట్లు మోయడానికి ఆయనకన్నా బలమైనవాళ్ళు వీధి నిండా ఉన్నారు. ఊఁ పోతే మామ లేడు. ఈ లెక్క తేలడానికి ఆయనకు అర నిమిషం పట్టింది.

కాబట్టి ఆయన ఎవరికీ చెప్పలేదు. కళ్ళతో పని కానివ్వడం మొదలుపెట్టాడు. ఒకసారి పట్టాల్సిన ముద్ద నాలుగుసార్లు పట్టాడు, లైటు దగ్గరగా పెట్టి వంగి వంగి చూశాడు. ఆ తర్వాత కవరు తొడిగి, కళ్ళు మూసి, తల వంచి, ఏమీ తెలియని మూడు వేళ్ళను గంభీరంగా జరిపి ఊఁ అన్నాడు. అది నటన అని ఆయనకు తెలుసు. పాపం, నటనలో కూడా భయపడ్డాడు. తల అంతకుముందు ఇంతే వంచేవాడా, ఇంకాస్త వంచేవాడా అని.

సాయంత్రాలు ఇంట్లో మరో రకం నరకం. ఆయన భార్య స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ ఫోను మోగితే చాలు, ఏ కారు యజమానో గీతలు చూసుకుని అక్కకు చెప్పాడని, అక్క ఇంటికే ఫోను చేసిందని మామకు చెమటలు పట్టేవి. తీరా చూస్తే ఎవరో పిల్లవాడి నిక్కరు బిగుతైందని కబురు.

ఓ రోజు టీ కాచి ఆవిడ స్టీలు గ్లాసు గట్టు మీద పెట్టింది. మామ కుడిచేత్తో తీసుకుని, కుర్చీలో కూర్చుని, రైలు కూత వింటున్నాడు.

"ఏమండీ! ఆ గ్లాసు!"

"ఏమైంది?"

"పొయ్యి మీంచి దించినట్టే పోశాను. నేను కొంగుతో పట్టుకున్నాను. మీరు ఉత్తచేత్తో పట్టుకున్నారు. కాలట్లేదా?"

మామ గ్లాసు కింద పెట్టాడు. వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"కాలింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే... నువ్వు చెప్పాక."

ఆవిడ కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చి ఆ చేతిని తిప్పి తిప్పి చూసింది. నూనె రాసింది. కోప్పడలేదు. అది మామను మరీ భయపెట్టింది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"డాక్టరుకి చూపిస్తే జబ్బవుతుందే. చూపించనంతకాలం తిమ్మిరే."

"అలాగా? అయితే మా చుట్టం ఒకాయన పోయినప్పుడు కూడా డాక్టరుకి చూపించకుండా ఉండాల్సింది. నిద్రే అయ్యేది."

మామకు నవ్వు రాలేదు. వేళ్ళు తీసేస్తారని ఆయన అప్పటికే తనలో తాను తీర్పు చెప్పేసుకున్నాడు. రోజూ ఒక సాకు. పని ఎక్కువగా ఉందన్నాడు, వాన అన్నాడు, వాన వెలిశాక ఎండ అన్నాడు. రెండు నెలలు అలా గడిచాయి.

అప్పుడు వచ్చింది డ్రైవింగ్ నేర్పే మేడమ్ కారు.

చిన్న తెల్లకారు, పైన ఎర్ర అక్షరం బోర్డు, లోపల ఇద్దరికీ బ్రేకులు. యార్డు గోడ పక్కనున్న ఖాళీ రోడ్డు మీద రోజంతా పాఠం చెబుతుంది. అందువల్ల గాలి మోసుకొచ్చిన రజనంతా ఆ కారుకే దక్కింది. అది చాలదన్నట్టు, నేర్చుకునేవాళ్ళు కారు నడపడం కన్నా ఆపడం ఎక్కువ చేస్తారు. ఆ బ్రేకుల రజను కూడా తోడైంది. బానెట్ మీద చుక్కలు లేని చోటు వెతుక్కోవాలి.

గురువారం మామ ఆ కారు పట్టాడు. మందు చల్లాడు, ఏడిపించాడు, కడిగాడు, మళ్ళీ చల్లాడు. ముద్ద నాలుగుసార్లు పట్టాడు. లైటు పెట్టి చూస్తే ఒక్క చుక్క లేదు. కానీ ఈ పనిలో కన్నుకు కనిపించేది చుక్క తల మాత్రమే. మొదలు రంగులో ఉంటుంది. తల తెగి మొదలు మిగిలిన సంగతి వేలికి తప్ప ఎవరికీ తెలియదు. కవరు తొడుక్కున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు వెన్న అన్నాయి. అవి రెండు నెలలుగా ఆ మాట తప్ప ఇంకో మాట ఎరగవు.

"మామా, ఊఁ అను. మిషను వేడెక్కి చూస్తోంది," అన్నాడు చక్రం.

"ఉండరా."

"ఉన్నాలే. మా పెళ్ళివారికి కూడా ఇదే చెప్పా, ఉంటానని. ఎవరూ రాలేదు."

మామ మరోసారి జరిపాడు. తెలియని వేళ్ళను ఎన్నిసార్లు అడిగినా తెలియదు. నుదుటి చెమట కారి కారు మీద పడబోతే చేత్తో ఆపుకున్నాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాడు కూడా. వచ్చింది మాత్రం "ఊఁ".

శుక్రవారం పొద్దున అక్క కారును ఎండలోకి తీయించి చూసింది. చూసి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి చూసింది. బానెట్ మొత్తం గుండ్రగుండ్రంగా సన్నటి గీతలు. ఎండ పడ్డచోటల్లా సాలెగూడు మెరుస్తోంది.

"చక్రం!"

చక్రం వచ్చి చూశాడు. మీసాలు కిందికి వాలాయి.

"మిషను ప్యాడ్ కింద పడేశావా?"

"లేదక్కా. కొత్త ప్యాడ్. నిన్ననే విప్పా."

"పోయినేడు కూడా కొత్త ప్యాడే అన్నావు. కింద పడ్డదాన్ని దులుపుకుని వాడావు. అప్పుడు క్షమించాను. ఇది రెండోది."

"నిజంగా పడలేదక్కా."

"అయితే గీతలు ఆకాశం నుంచి పడ్డాయా? మేడమ్ పది గంటలకి వస్తుంది. ఆవిడకేం చెప్పను? నువ్వు రేపట్నుంచి రావొద్దు."

చక్రం మామ వైపు చూశాడు. మామ బకెట్ వైపు చూస్తున్నాడు. ఆ క్షణంలో చక్రం ఎదురు తిరిగి, "నీ ఊఁ తప్పేమో మామా" అని ఉంటే మామ బహుశా దబాయించేవాడు. పిరికివాళ్ళు మూలకు తోస్తే అరుస్తారు. కానీ చక్రం నెత్తి గోక్కుని, అక్కతో అన్నాడు:

"పడే ఉంటుందక్కా. నాకే తెలిసుండదు. మామ చెయ్యి చూశాకే కదా మిషను పెట్టింది... మామ చెయ్యి తప్పదు కదా. అంటే నాదే."

రంగుల షాపులో ఆ పెద్దమనిషి చూపు కూడా మామను ఇంతగా పొడవలేదు. బకెట్ అంచు పట్టుకున్నాడు. పట్టుకున్న సంగతి చూస్తే తప్ప తెలియలేదు.

"అక్కా," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "అక్కా, వాడు కాదు. నా వేళ్ళు చచ్చిపోయాయి."

అక్క బానెట్ వదిలి ఆయన వైపు తిరిగింది.

"ఏంటి మామా?"

"మూడు వేళ్ళకీ ఏం తెలియట్లేదు. రవ్వ ఉండిపోయింది. నేను ఊఁ అన్నా."

"ఎన్నాళ్ళుగా?"

"రెండు నెలలు."

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "రెండు నెలల్లో ఎన్ని ఊఁలు అన్నావు మామా?"

అన్నీ అబద్ధాలు కాకపోవచ్చు. ఏవి కావో మామకే తెలియదు.

"మేడమ్‌కి నువ్వే చెప్పు," అంది అక్క. అంతకుమించి శిక్ష కనిపెట్టడం ఆవిడకు కూడా చేతకాదు.

పది గంటల దాకా మామ గేటు దగ్గర నిలబడ్డాడు. ప్రతి ఆటో ఆవిడదే అనుకుని వణికి, కాదని తెలిసి మరింత వణికాడు. చివరికి ఆవిడ నడిచి వచ్చింది. యాభై దాటిన మనిషి, నడకలో కూడా ఎడమా కుడీ చూసుకునే రకం. మామ కారు దగ్గరికి తీసుకువెళ్ళి బానెట్ చూపించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాడు. మధ్యలో ఊపిరి తీసుకోలేదు. తీసుకుంటే ఆగిపోతానని భయం.

ఆవిడ గీతల మీద వంగి చూసింది. తర్వాత ఆయన్ను చూసింది.

"చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా?"

"కాదండి. అందుకే భయమేసింది."

"నా దగ్గరికి వణుక్కుంటూ వచ్చేవాళ్ళతో నాకు పేచీ లేదు. స్టీరింగు పట్టుకోగానే ‘నాకొచ్చండీ’ అంటారు చూడు, వాళ్ళు కూర్చున్నప్పుడే నా కాలు బ్రేకు మీద ఉంటుంది." ఆవిడ గడియారం చూసుకుంది. "సాయంత్రం నాలుక్కి క్లాసుంది. బానెట్ బాగుచేసి ఇవ్వండి. ఇవ్వకపోతే ఆ క్లాసేదో మీ ముగ్గురికీ తీసుకుంటాను."

అయితే బాగుచేయడానికి ముందు రవ్వలన్నీ పోవాలి. పోయాయో లేదో వేలే చెప్పాలి. అక్క కవర్ల కట్ట తీసి చక్రం చేతిలో పెట్టింది. చక్రం దాన్ని పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"నాకేం తెలుసక్కా? నాది మిషను చెయ్యి."

"తొడుక్కోరా," అన్నాడు మామ. "మూడు వేళ్ళు. నొక్కొద్దు. కళ్ళు మూసుకో. ఏం తెలుస్తోంది?"

"ఆకలి."

"బండి సంగతి!"

"గరుగ్గా ఉంది."

"ఎంత గరుకు?"

"గరుకంటే గరుకే మామా. గరుక్కి కిలోలుంటాయా?"

మామకు చెమట పట్టింది. ఇరవై ఆరేళ్ళుగా వేళ్ళు చెప్పింది ఆయన లోపలే విన్నాడు. దానికి మాటలుంటాయని, అవి మరొకడి నోట రావాల్సి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"పిల్లి నాలుకలా ఉందా? గడ్డంలా ఉందా?"

చక్రం మీసం కదిలింది. "గడ్డం. రెండ్రోజులది."

"ఎవరిది?"

"మా బావది. నాది మెత్తన."

"మందు కొట్టు."

మందు పడింది. తల తెగిన చుక్కల మొదళ్ళు ఊదారంగులో బయటికొచ్చాయి. నిన్న శుభ్రమని మామ ధ్రువీకరించిన బానెట్ అది. ఆయన చూడలేక చూడలేక చూశాడు.

"ఇప్పుడు?"

"పొద్దున గీసుకుని... సాయంత్రం అయినట్టుంది."

"ముద్ద పట్టు. మడిచి పట్టు. ఆ ముఖం అయిపోయింది, తిప్పు."

పన్నెండున్నరకు చక్రం కళ్ళు మూసుకుని, తనకు తెలియకుండానే తల ఓ పక్కకు వంచి, మెల్లగా వేళ్ళు జరిపాడు. "అద్దం మామా. లేదు... ఆగు. డ్రైవరు పక్క అంచున ఒకటి. ఆవగింజలో సగం."

మామ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. ఏమీ లేదు. లైటు పెట్టి చూశాడు. ఏమీ లేదు. ఇన్నాళ్ళూ తన ఊఁ మీద జనం ఎలా బతికారో ఆయనకు మొదటిసారి అర్థమైంది. ఏమీ కనబడని చోట ఒకడు ఉందంటే ఉందనుకోవాలి. దానికి ఎంత గుండె కావాలో!

"ఉందంటావా?"

"ఉంది మామా. ఒట్టు."

"అయితే తియ్యి."

తీశాడు. ఆ తర్వాత కొత్త ప్యాడ్‌తో మిషను తిరిగింది. మామ అంచుల దగ్గర రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలు, చాలు" అంటూ చుట్టూ పరిగెత్తాడు. గీతలు పోయాయి. పోవడానికి రంగు మీది పూత కాస్త పలచబడింది, అది తిరిగి రాదు. నాలుక్కి పది నిమిషాలుండగా మేడమ్ వచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎక్కి వెళ్ళింది.

అక్క మామను పిలిచింది.

"సోమవారం నుంచి బండి మీద చెయ్యి వెయ్యకు. ముందు ఆ చెయ్యి చూపించుకో. బాగుపడితే నీ చోటు నీదే. ఆ రెండు నెలల బండ్లని ఒక్కొక్కటిగా పిలిపించి చక్రం చేత చూపిస్తాను."

"బాగుపడకపోతే?"

"అప్పుడు చూద్దాం."

మనుషులను చంపడానికి కత్తులూ విషాలూ కనిపెట్టినవాళ్ళు "అప్పుడు చూద్దాం" అనే మాట ఎరగరు కాబోలు.

సోమవారం భార్య ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళింది అనడం కన్నా నడిపించింది అనాలి. డాక్టరమ్మ చిన్న వయసు. ఆయన చేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టించి, "కళ్ళు మూసుకోండి. గుచ్చినప్పుడు చెప్పండి" అంది.

మామ కళ్ళు మూసుకున్నాడు. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు.

"మొదలుపెట్టండమ్మా, భయం లేదు," అన్నాడు, నిలువెల్లా భయంతో.

"మూడు వేళ్ళు అయిపోయాయండీ."

మామ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. బొటనవేలు పోయింది, చూపుడువేలు పోయింది, నడిమివేలు పోయింది. ఉంగరపువేలి దగ్గర ఒక పక్క ఏమీ లేదు, రెండో పక్క చీమ నడిచినట్టు ఏదో కదిలింది. అది నిజమో తన ఆశో ఆయన తేల్చుకునేలోపు సూది చిటికెనవేలి మీదికి వచ్చింది.

"అమ్మో!"

ఆ కేక బయటి వరండా దాకా వెళ్ళింది. తర్వాతి టోకెన్ పట్టుకున్న పెద్దాయన లేచి, తన వెనకున్నాయనతో, "మీరు ముందెళ్ళండి, నాకేం తొందర లేదు" అన్నాడట.

"మంచిదే," అంది డాక్టరమ్మ. "ఇది వేరే నరం. వేళ్ళు చావలేదండీ. మణికట్టు దగ్గర నరం నలిగిపోయింది. నీళ్ళ పైపు మీద కాలు వేసినట్టు. ఏళ్ళతరబడి పిసికే పనులు చేసేవాళ్ళకి వస్తుంది. చిన్న కోత పెట్టి ఆ కాలు తీసెయ్యాలి."

"కోతా?"

"చిన్నదే."

"వేళ్ళకి మళ్ళీ తెలుస్తుందా అమ్మా? ఇసుక రేణువంతది?"

డాక్టరమ్మ కాగితం మీద రాస్తున్నది ఆపింది. "చాలామందికి తెలుస్తుంది. మీరు రెండు నెలల ముందు వచ్చుంటే ఇంకాస్త ధైర్యంగా చెప్పేదాన్ని. నరం ఎంత నలిగిందో తెరిస్తే కానీ తెలియదు."

మామ భార్య ఆ రెండు నెలలనూ ఒకసారి చూపుతో గుర్తుచేసి వదిలేసింది. "ఎప్పుడు చేస్తారమ్మా?"

"ఎల్లుండి. ఇక్కడ సంతకం పెట్టమనండి."

మామ కలం అందుకున్నాడు. అది వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియక గట్టిగా నొక్కితే జారి కింద పడింది. భార్య వంగి తీసి, మళ్ళీ వేళ్ళ మధ్య పెట్టి, ఆ పిడికిలి చుట్టూ తన చెయ్యి మూసింది. ఇద్దరూ కలిసి గీసిన ఆ సంతకం ఆయనదిలానూ లేదు, ఆవిడదిలానూ లేదు. వాన నీళ్ళలో తడిసిన వానపాములా ఉంది.

"ఇది చెల్లుతుందా అమ్మా?" అని అడిగాడు మామ.

"ఆఁ, చెల్లుతుంది."

ఆ మాట వినగానే ఆయన ముఖం పాలిపోయింది.